రాజకుటుంబపు కోడలి పుట్టింటివాళ్లు మీడియాతో మాట్లాడాలా, నోరు మెదపకుండా ఉండాలా?

సూటిమాట:
మాట్లాడకపోవడమే మేలని నా వాదన. బ్రిటన్‌లో ఇద్దరు తోడికోడళ్ల పుట్టిళ్లూ చూడండి, యువరాజు విలియం భార్య కేట్‌దీ, ఆయన తమ్ముడు హ్యారీ భార్య మేగన్‌దీ. కేట్ పెళ్లి 2011లో అయితే, తల్లి క్యారొల్ మిడిల్టన్ పత్రికకు తీరిగ్గా ఇంటర్వ్యూ ఇచ్చింది 2018లో. అదీ క్రిస్మస్ ముచ్చట్లు, వాళ్ల పార్టీ సామాన్ల వ్యాపారం గురించి. ఇక మేగన్ తండ్రి థామస్ మార్కల్ సంగతి తెలిసిందే. 2018 మే 19న పెళ్లనగా, దానికి కొద్ది రోజుల ముందు ఆయన ఫొటోగ్రాఫర్‌తో మాట్లాడుకుని దిగిన ఫొటోల గుట్టు బయటపడింది. సూటుకు కొలతలిస్తున్నట్టు ఒకటి, ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని కూతురి ఫొటో చూస్తున్నట్టు ఇంకొకటి. దేశమంతా నవ్వుకుంది. ఈలోగా గుండెకు చికిత్స అవసరమై పెళ్లికే వెళ్లలేకపోయారు.

రవళి:
ఆ ఫొటోలకు ముందు జరిగింది కూడా చెప్పాలి కదండీ. మెక్సికోలో ఒంటరిగా ఉంటున్న మనిషి, బీరు కొనుక్కున్నా కెమెరాలు వెంటపడ్డాయి. నాలుగు మంచి ఫొటోలు వస్తే పరువు నిలబడుతుందనుకున్నానని తర్వాత ఆయనే టీవీలో చెప్పుకున్నారు. తెలివితక్కువ పని అంటే ఒప్పుకుంటాను, దుర్మార్గం అంటే ఒప్పుకోను.

ఇంకో సంగతి. కేట్, విలియం కలిసింది 2001లో. అంటే పెళ్లినాటికి ఆ ఇంటికి కెమెరాలు కొత్త కాదు, ఎవరితో ఎంత మాట్లాడాలో తెలుసుకునే టైం దొరికింది. మేగన్ హ్యారీని కలిసింది 2016లో. రెండేళ్లు తిరక్కుండానే పెళ్లి. ఆ టెన్షన్‌లో తండ్రికి సలహా చెప్పే మనిషి పక్కన లేడు. మౌనంగా ఉండాలన్నా వెనక అండ ఉండాలి.

పల్లకి:
మరి తల్లి డోరియా రాగ్లాండ్‌కి ఏ అండ ఉందండీ? అవే రెండేళ్లు, అవే కెమెరాలు. విండ్సర్‌లో పెళ్లప్పుడు పుట్టింటి తరఫున ఒక్కతే కూర్చుంది. 2022లో కూతురి డాక్యుమెంటరీ సిరీస్‌లో మాట్లాడే దాకా దాదాపు పెదవి విప్పలేదు.

మూడోకన్ను:
ఇద్దరూ ఒకటి మర్చిపోతున్నారు. మాట్లాడకపోతే వదిలేస్తారా? కేట్ ఫోన్‌ను 155 సార్లు హ్యాక్ చేశానని న్యూస్ ఆఫ్ ది వరల్డ్ పత్రిక విలేకరి క్లైవ్ గుడ్‌మాన్ 2014లో కోర్టులోనే ఒప్పుకున్నాడు. 2016లో చెల్లెలు పిపా ఆన్‌లైన్‌లో ఫొటోలు దాచుకునే ఐక్లౌడ్ ఖాతాలోంచి సుమారు 3,000 ఫొటోలు కొట్టేసి అమ్మజూపారు. అవి అచ్చుకాకుండా హైకోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి వచ్చింది. వీళ్లెవరూ పత్రికల్ని పిలవలేదే.

సూటిమాట:
వదిలేస్తారని నేను అనలేదు. దొంగిలిస్తే కోర్టు ఉంది. మనమే చేతికిస్తే? మేగన్ 2018 ఆగస్టులో తండ్రికి రాసిన ఉత్తరం మరుసటి ఫిబ్రవరిలో మెయిల్ ఆన్ సండే పత్రికలో తేలింది. ఇచ్చింది ఎవరు?

రవళి:
ఆయనే ఇచ్చారు. కానీ అంతకు కొద్ది రోజుల ముందే మేగన్ స్నేహితురాళ్లు పేర్లు చెప్పకుండా ఒక పత్రికలో ఆ ఉత్తరం ప్రస్తావన తెచ్చారు. తన మీద తప్పు తోసేస్తున్నారని ఆయన అసలు ఉత్తరం బయటపెట్టారు. స్నేహితులు మాట్లాడొచ్చు, కన్నతండ్రి మాట్లాడకూడదా? 2021లో మేగన్ కేసు గెలిచింది పత్రిక యాజమాన్యం మీద, తండ్రి మీద కాదు.

పల్లకి:
పరువు కోసం మాట్లాడేవాళ్ల బాధ నాకూ అర్థమవుతుంది. మరి గ్యారీ గోల్డ్‌స్మిత్? క్యారొల్ తమ్ముడు, డబ్బున్నవాడు, కెమెరాలు కొత్త కాదు. మేనకోడలు కేట్ పొట్ట ఆపరేషన్ తర్వాత కోలుకుంటూ బయటికి రాని రోజుల్లో, ఆమె గురించి లోకమంతా పుకార్లు షికారు చేస్తుంటే, 2024 మార్చిలో ఈయన సెలబ్రిటీ బిగ్ బ్రదర్ అనే టీవీ షో హౌస్‌లోకి వెళ్లి కూర్చున్నాడు. అందరికన్నా ముందు ఎలిమినేట్ అయ్యాడనుకోండి, అది వేరే సంగతి. రవళి గారూ, ఈయనకి ఏ అండ తక్కువైంది?