వెబ్‌కిట్ ముద్ర ఫైర్‌ఫాక్స్‌లో ఎందుకు చెల్లుతోంది?

పుటకర్త:
మా పత్రిక సైటులో వార్తల శీర్షికలు రెండు వరుసలు దాటకూడదని సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని నిర్దేశించే భాషలో) ‘-వెబ్‌కిట్-లైన్-క్లాంప్: 2’ అని రాశాను. పేరులోనే వెబ్‌కిట్ (సఫారీ బ్రౌజర్‌లో పేజీలను గీసి చూపే ఇంజను) ఉంది కనుక ఫైర్‌ఫాక్స్‌కు వేరే దారి వెతుక్కోవాలనుకున్నాను. తీరా చూస్తే అది కూడా మూడో వరుసను దాచి, రెండో వరుస చివర చుక్కలు పెట్టింది. వేరొక ఇంజను పేరు తగిలించుకున్న ఆదేశానికి తలొగ్గడం ప్రమాణాలను పాటించడం అవుతుందా, తప్పడం అవుతుందా?

పాతకాపు:
అది ఇప్పుడు ప్రమాణంలో భాగమే కనుక తప్పడం కాదు. వచ్చిన దారి మాత్రం ముచ్చటైనది కాదు. ఇంకా ఖరారు కాని సౌకర్యాలకు ప్రతి బ్రౌజర్ సంస్థా ‘-మోజ్-’ (ఫైర్‌ఫాక్స్‌ది), ‘-వెబ్‌కిట్-’ వంటి సొంత ముద్రను పేరు ముందు వేసి ప్రయోగంగా ఇచ్చేది. ఖరారయ్యాక ఆ ముద్రలు రాలిపోవాలన్నది ఉద్దేశం. 2007లో ఐఫోన్ వచ్చిన తరువాత మొబైల్ పేజీలు తయారుచేసేవారు చాలామంది ఒక్క వెబ్‌కిట్ ముద్రతోనే రాసి వదిలేయడంతో, నియమం తప్పని మిగతా బ్రౌజర్లలో పేజీలు చెదిరిపోయాయి. పాఠకుడు తిట్టేది పేజీని కాదు, బ్రౌజర్‌నే కదా! 2012లో ఒపెరా బ్రౌజర్ కొన్ని వెబ్‌కిట్ ముద్రలను ఒప్పుకుంది, మరుసటి ఏడాది తన ప్రెస్టో ఇంజనునే వదులుకుంటున్నట్టు ప్రకటించింది. ఫైర్‌ఫాక్స్ 2016లో 49వ వెర్షన్‌తో అదే దారి పట్టింది; మీరు వాడినది 2019లో 68వ వెర్షన్‌లో చేరింది.

గుణింతం:
పాతకాపు గారూ, దీన్ని లొంగుబాటుగానే చూడటం నాకు సమ్మతం కాదు. వెడల్పు 300 పిక్సెళ్లు, ఇరువైపులా లోపలి ఖాళీ 20, అంచు 5 చొప్పున ఇస్తే ప్రమాణం ప్రకారం పెట్టె 350 పిక్సెళ్లు ఆక్రమిస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 5లో 300 దగ్గరే ఆగేది. అప్పట్లో తప్పన్న ఆ లెక్కనే ఈనాడు మనం ‘బాక్స్-సైజింగ్: బోర్డర్-బాక్స్’ అని కోరి తెచ్చుకుంటున్నాం. అసలు కీడు మరొకచోట ఉంది. యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ ఉమ్మడి సంకేతాల పద్ధతి) వాడుకలోకి రాకముందు కొన్ని తెలుగు సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి; ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థం లేని లాటిన్ అక్షరాలు కనిపించేవి, ‘పద్మ’ అనే పొడిగింపు వాటిని యూనికోడ్‌లోకి మార్చి పెట్టేది. వెబ్‌కిట్ ముద్ర ఎలా పనిచేయాలో ఇవాళ ఎవరైనా చదివి అమలు చేసుకునేలా రాసి ఉంది. ఆ ఫాంట్ల సంకేతాలకు అటువంటి ఉమ్మడి పత్రమేదీ లేదు, ఎవరికి వారే ఛేదించుకోవలసి వచ్చింది.

పుటకర్త:
ఇద్దరికీ ధన్యవాదాలు. అయితే ఆ ఆదేశాన్ని అలాగే ఉంచుతాను.

పాతకాపు:
ఉంచండి, కానీ దానికి ‘డిస్‌ప్లే: -వెబ్‌కిట్-బాక్స్’, ‘-వెబ్‌కిట్-బాక్స్-ఓరియెంట్: వర్టికల్’ తోడుండాలి. ‘ఓవర్‌ఫ్లో: హిడెన్’ మరిచిపోతే రెండో వరుసలో చుక్కలు వస్తాయి, మూడో వరుసా కనిపిస్తుంది. అది పెట్టాక తెలుగుకు మరో చిక్కు ఉంది: లైన్-హైట్ (వరుసకిచ్చే ఎత్తు) బిగుతుగా ఉంటే రెండో వరుస కింది ఒత్తులు తెగిపోతాయి. ‘రాష్ట్రం’ అనే మాటను ఆ వరుసలో పెట్టి చూడండి.