బాగ్ ఫిల్టర్‌లో ఏ రాయి నింపాలి: గులకరాళ్లా, చిప్సా, లావా రాయా?

సైనిక్‌పురి_కొలను:
పెరట్లో కొలను 10×6 అడుగులు, లోతు రెండున్నర. నీళ్లు 4,200 లీటర్ల దాకా పడతాయి, అరడజను కోయి చేపలు. పక్కనే 6×3 అడుగుల బాగ్, అంటే కొలను నీళ్లు వడకట్టేందుకు రాళ్లు నింపి మొక్కలు నాటే తొట్టి, అందులో అడుగు మందం రాయి. మేస్త్రీ అడుగున 40 ఎంఎం కంకర, మధ్యలో 20, పైన ఇసుక అంటున్నాడు. అక్వేరియం షాపతను లావా రాయే వేయమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

వట్టివేరు:
ఇద్దరిదీ వద్దండీ. మేస్త్రీ చెప్పింది నీళ్లు పైనుంచి దిగే ఫిల్టరుకు. బాగ్‌లో పంపు నీళ్లు అడుగున పరిచిన గాట్ల పైపులోంచి పైకి వస్తాయి. ఇసుక వేస్తే సందులు పూడిపోయి, గాలి అందక కుళ్లిన గుడ్డు వాసన మొదలవుతుంది. 40 ఎంఎం అయితే నీళ్లు ఖాళీ ఉన్న చోటునుంచే జారుకుంటాయి, మురికి ఆగదు, వేళ్లకు పట్టు దొరకదు.
అడుగునుంచి పైదాకా 8–12 ఎంఎం గుండ్రటి గులకరాళ్లే వేయండి. మీ కొలతకు అర క్యూబిక్ మీటరు, సుమారు 800 కిలోలు. లావా రాయి రంధ్రాలు బురదతో నిండాక అదీ మామూలు రాయే. పైగా మొక్కలు పీకేటప్పుడు చేతులు కోసుకుంటాయి. డబ్బు దండగ.

అల్వాల్_పైపులు:
గుండ్రటివి దొరక్కపోతే క్రషర్ 10 ఎంఎం గ్రానైట్ చిప్స్ కూడా నడుస్తాయి అన్నా. కానీ తట్టతో కొంచెం కొంచెంగా, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. లేకుంటే ఆ డస్టంతా పైపు చుట్టూ పేరుకుని గట్టిపడుతుంది. అంచులు పదును కాబట్టి లైనర్ (నీళ్లు ఇంకకుండా పరిచే షీటు) పైనా కిందా జియోటెక్స్‌టైల్ అనే మందపాటి గుడ్డ పరవాలి.
తాండూరు, షాబాద్ బండ ముక్కలు మాత్రం కలవనివ్వకండి, అవి సున్నపురాయి. పీహెచ్ పెరుగుతుంది. అనుమానముంటే రాయి మీద రెండు చుక్కల బాత్రూం యాసిడ్ వేసి చూడండి, నురగొస్తే పక్కన పారేయండి.

వట్టివేరు:
గ్రానైట్ సంగతి నిజమే. ఒక్క మాట: లైనర్ దగ్గర గుడ్డ సరే, పైపుకూ రాయికీ మధ్య వద్దు. అదే ముందు మూసుకుపోతుంది.

సైనిక్‌పురి_కొలను:
పైపు ఎంత? మొక్కలేవి?

అల్వాల్_పైపులు:
రెండంగుళాల పీవీసీ, రెండు వరుసలు. ప్రతి రెండంగుళాలకు హ్యాక్సా బ్లేడుతో పైపు వ్యాసంలో మూడో వంతు దాకా గాటు, గాట్లు పైవైపు. రెండు వరుసల చివర్లనూ ఎల్బోతో రాళ్ల పైకి తేల్చి మూత పెట్టండి. మూతలు తీసి పంపు నడిపితే లోపలి బురద అక్కణ్నుంచి వచ్చేస్తుంది. పంపు గంటకు 4,000 లీటర్లు ఇవ్వాలి. డబ్బా మీది అంకె నీళ్లు పైకి ఎత్తనప్పటిది, మీ ఎత్తుకు ఎంతిస్తుందో చూసి కొనండి.

వట్టివేరు:
కెనా, వస, గొడుగు గడ్డి. వేళ్లకు మట్టి లేకుండా కడిగి నాటండి. జమ్ము జోలికి పోకండి, దాని దుంపలు లైనర్‌ను పొడుస్తాయి. నీళ్లు రాళ్ల అంచుకు ఒక అంగుళం కిందే ఉండాలి, పైకొస్తే నాచు పడుతుంది. కుళాయి నీళ్లు నింపితే క్లోరిన్ విరిచే మందు వేయాల్సిందే. చేపల వ్యర్థాల్లోని అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా రాళ్ల మీద కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, అందాకా మేత తగ్గించి, అమ్మోనియా కిట్‌తో చూస్తూ ఉండండి.