మోనే మంచుపలకల నది: నకలు తీస్తే వెలుగు ఎందుకు రావడం లేదు?

గోదారిగట్టు:
ఫ్రెంచ్ చిత్రకారుడు క్లోద్ మోనే 1880 శీతకాలంలో పారిస్‌కు దిగువన సీన్ నది ఒడ్డునున్న వెతుయ్ గ్రామం దగ్గర వేసిన మంచుపలకల చిత్రాల్లో ఒకదానికి నెల రోజులుగా ఆయిల్ రంగుల్లో నకలు తీస్తున్నాను. గడ్డకట్టిన సీన్ నది జనవరి మొదట్లో పగిలి, పలకలు పలకలుగా కొట్టుకుపోతున్నప్పుడు ఆయన వరుసగా వేసిన చిత్రాలవి. కూర్పు కుదిరింది కానీ వెలుగు మాత్రం పట్టుబడడం లేదు. మంచుకు టైటానియం తెలుపు, నీటికి నలుపు కలిపిన నీలం వాడాను. మా అక్క గుమ్మంలోంచే చూసి, సున్నం వేసిన ప్రహరీ పెచ్చులూడినట్టుందని అంది. ఈ చిత్రాలను నేరుగా చూసినవారు, మంచును గీసి చూసినవారు తమ అనుభవం చెబితే ఉపకారం.

ఆన్ఆర్బర్_వాసి:
ఇక్కడి మిషిగన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో ఆ వరుసలోని చిత్రం ఒకటి ఉంది. కిందటి సారి వెళ్లినప్పుడు చిన్న తెల్లకాగితం ముక్కను చేయి చాచి పట్టుకుని, ఒక కన్ను మూసి, దూరం నుంచే పలకల పక్కన పెట్టి పోల్చాను. అంతవరకు తెల్లగా కనిపించిన మంచు, కాగితం పక్కన చేరేసరికి లేత ఊదా కలిసిన బూడిదగా తేలింది. కొన్నిచోట్ల గులాబీ ఛాయ, కొన్నిచోట్ల పచ్చదనం కూడా ఉన్నాయి. పలకలు అడ్డంగా సాగే కుంచె దెబ్బలు, చెట్ల ప్రతిబింబాలు నిలువుగా దిగే దెబ్బలు. అసలు తెలుపంటూ ఉంటే అది ఒకటి రెండు అంచుల మీదే. మీరు మొదటే తెలుపంతా ఖర్చు పెట్టేసినట్టున్నారు.

ఫిజిక్స్_మాస్టారు_బెజవాడ:
చిత్రకళ నాకు అంతగా తెలియదు కానీ వెలుతురు సంగతి చెప్పగలను. డిసెంబరు చివర పారిస్ ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి సుమారు 18 డిగ్రీలకు మించి ఎక్కడు. అదే రోజున విజయవాడలో దాదాపు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అంత వాలుగా వచ్చే ఎండ ఎక్కువ మందం గాలిని దాటి రావాలి కాబట్టి అందులోని నీలం చెదిరిపోయి పసుపు, నారింజ మిగులుతాయి. నీడలోని మంచుకు ఎండ తగలదు, నిర్మలంగా ఉన్న రోజున నీలాకాశపు వెలుగే తగులుతుంది, అందుకే ఆ నీడ నీలంగా ఉంటుంది. ఇక నీటి విషయం: దూరపు నీటిని మనం బాగా ఏటవాలుగా చూస్తాం కాబట్టి అది ఆకాశాన్ని ఎక్కువగా ప్రతిఫలించి మంచుతో సమానంగా వెలుగుతుంది, కాళ్ల దగ్గరి నీరు మాత్రం నల్లబడుతుంది. మీరు నదంతటికీ ఒకే నీలం వేసి ఉంటే తేడా అక్కడే వచ్చి ఉంటుంది.

పాత_కుంచె:
మాస్టారు గారు చెప్పినదానికి తోడు రంగుల గొట్టం సంగతి కూడా చూడాలి. టైటానియం తెలుపు 20వ శతాబ్దంలో గానీ బజారులోకి రాలేదు. మోనే వాడినది సీసపు తెలుపు, అది కాస్త వెచ్చగా, తక్కువ మొండిగా ఉంటుంది. టైటానియం పక్కన పడిన ప్రతి రంగునూ మింగేస్తుంది. సీసం విషం కాబట్టి దాని జోలికి వెళ్లమని చెప్పను గానీ, టైటానియంలో ఆవగింజంత పసుపు ఓకర్ (పసుపు మట్టిరంగు) కలిపి చూడండి. నలుపును పక్కన పెట్టి, అల్ట్రామరీన్‌ నీలంలో కాల్చిన సియెన్నా (ఎర్రటి గోధుమ మట్టిరంగు) కలిపి బూడిద తయారు చేసుకోండి. నారింజ పక్కన పెట్టిన మామూలు బూడిద కంటికి నీలంగా కనిపిస్తుందని పారిస్‌లోని గోబ్లాఁ అద్దకాల శాలలో పనిచేసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్ 1839లోనే పుస్తకం రాశాడు. నీలం వేయకుండానే నీలం చూపించవచ్చు. నాకైతే ఈ పనిలో అదే అసలు సరదా.

పారిస్_తెలుగు:
ఇక్కడి పెతీ పాలే మ్యూజియంలో మోనే అదే 1880లో వెతుయ్ ఎదుటి ఒడ్డునున్న లావకూర్ దగ్గర వేసిన సూర్యాస్తమయం ఉంది, ప్రవేశం ఉచితం. దాదాపు మీటరున్నర వెడల్పు క్యాన్వాస్ మీద చిన్న నారింజ సూర్యుడు, నీటిలో తెగి తెగి దిగే అతని వెలుగు, చుట్టూ చల్లని బూడిద, ఊదా. 1879 సెప్టెంబరులో భార్య కమీల్ చనిపోయింది కాబట్టి ఆ శీతకాలపు బూడిదరంగంతా దుఃఖమేనని చాలామంది రాస్తారు. నాకది తొందరపాటుగా తోస్తుంది, ఎందుకంటే ఈ నారింజ సూర్యుడు కూడా ఆ శీతకాలపువాడే.

ఆన్ఆర్బర్_వాసి:
వీలైతే న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలోని 1893 నాటి మంచుపలకలను కూడా చూడండి. సీన్ ఒడ్డునే ఉన్న బెన్నెకూర్ గ్రామం దగ్గర వేసిన ఆ చిత్రంలో ముదురు రంగంటూ దాదాపు లేదు. పదమూడేళ్లలో ఆయన తేడాలను ఎంతగా తగ్గించుకున్నాడో, అయినా వెలుగు ఎలా నిలిచిందో తెలుస్తుంది.

గోదారిగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. మంచునంతా గీకేసి, లేత ఊదా బూడిదతో మళ్లీ మొదలుపెట్టాను. దూరపు నీటిని ఆకాశం రంగులోకి లాగాను. తెలుపు ఇప్పటికి మూడే చోట్ల ఉంది, అక్క ప్రహరీ మాట ఎత్తలేదు. పలక నీటిని తాకే కింది అంచు మాత్రం ఇంకా కత్తితో కోసినట్టే వస్తోంది. తడి మీద తడి వేస్తే బురదవుతోంది, ఆరనిస్తే గీత గట్టిపడుతోంది. పాత కుంచె గారూ, ఆ అంచును మీరు ఏ దశలో కలుపుతారు?

పాత_కుంచె:
రంగు జిగురుగా మారాక, ముట్టుకుంటే వేలికి కొద్దిగా అంటుకునే సమయంలో, పొడి కుంచెతో నీటి వైపు నుంచి ఒక్కసారే అడ్డంగా లాగండి. రెండోసారి లాగవద్దు.