కట్నం ఇచ్చి పెళ్లి చేశాక ఆడపిల్లకి ఆస్తిలో వాటా ఉండాలా?

తెనాలి ఆడపడుచు:
నాన్న పోయి ఏడాదైంది. మొన్న సంవత్సరీకానికి వెళ్తే, భోజనాలయ్యాక బాబాయి నన్ను వసారాలో కూర్చోబెట్టి ఒక కాగితం చేతిలో పెట్టాడు. హక్కు విడుదల దస్తావేజు. తాతల నాటి మూడెకరాల్లోనూ, నాన్న కొన్న ఎకరంలోనూ నాకు ఏ హక్కూ లేదని, ఇష్టపూర్వకంగా అన్నయ్యకి వదిలేస్తున్నానని రాసి ఉంది. "2009లో ఎనిమిది లక్షల కట్నం, ఇరవై కాసుల బంగారం పెట్టాం కదమ్మా, ఇంకేముంటుంది?" అన్నాడు. అన్నయ్య ఏమీ మాట్లాడలేదు. అమ్మ వంటింటి గుమ్మంలో తల దించుకుని నిలబడింది.

సంతకం పెట్టకుండా వచ్చేశాను. అప్పటి నుంచి అన్నయ్య ఫోన్ లేదు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు, అంత టెన్షన్‌గా ఉంది. ఆ ఎనిమిది లక్షల్లో ఒక్క రూపాయి నా చేతికి రాలేదు. మా మామగారు దాంతో ఆడపడుచు పెళ్లి అప్పు తీర్చారు. అన్నయ్యని డొనేషన్ కట్టి ఇంజినీరింగ్ చదివించారు, నన్ను దగ్గర్లో ఉందని డిగ్రీ కాలేజీలో చేర్చారు. ఆ లెక్క ఎవరూ తీయరు. నేను అడగడం తప్పా?

పొలంగట్టు:
చెల్లెమ్మా, మీ అన్నయ్య వైపు నుంచి రాస్తున్నాను, కోపగించుకోకు. నాకు ఇద్దరు చెల్లెళ్లు. వాళ్ల పెళ్లిళ్లకి నాన్న చేసిన అప్పు పన్నెండేళ్లు నేనే కట్టాను. నాన్నకి పక్షవాతం వస్తే మూడేళ్లు మంచం దగ్గర అన్నీ చూసింది నేనూ మా ఆవిడా. పురుళ్లు, పండగ చీరలు, మేనకోడళ్ల ఓణీల ఫంక్షన్లు, దేనికీ వెనకాడలేదు. ఉన్నది రెండున్నర ఎకరాలు. మూడు ముక్కలు చేస్తే ఎవరికీ అక్కరకు రాదు. కట్నం కూడా ఆ పొలంలోంచి వచ్చిందే, మళ్లీ వాటా అంటే రెండుసార్లు ఇచ్చినట్టు కాదా?

దస్తావేజు లేఖరి:
ఇరవై ఆరేళ్లుగా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన కూర్చుని ఈ దస్తావేజులు రాస్తున్నాను. ముందు చట్టం సంగతి.

తండ్రి స్వార్జితం మీద వీలునామా లేకపోతే భార్యకీ, కొడుకులకీ, కూతుళ్లకీ సమాన వాటా. ఇది 1956 నాటి హిందూ వారసత్వ చట్టం నుంచీ ఉంది. పిత్రార్జితంలో కొడుకుతో సమానంగా కూతురికి పుట్టుకతో హక్కు ఇవ్వడంలో మన రాష్ట్రం దేశం కంటే ముందుంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చేసిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లయిన వాళ్లకి వర్తించలేదు. 2005 సెప్టెంబర్ 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలా అన్న గొడవ కూడా 2020లో వినీతా శర్మ కేసుతో తీరిపోయింది: అక్కర్లేదని సుప్రీంకోర్టు చెప్పింది.

కట్నం వాటాకి బదులు కాదు. 1961 చట్టం ప్రకారం కట్నం నేరం. ఒకవేళ ఎవరైనా తీసుకున్నా, దాన్ని పెళ్లయిన మూడు నెలల్లోగా పెళ్లికూతురికే అప్పగించాలి. ఎక్కడైనా అప్పగించారా?

తల్లీ, చదవకుండా సంతకం పెట్టకు. విడుదల దస్తావేజు రిజిస్టర్ అయ్యాక రద్దు చేయించుకోవడం చాలా కష్టం. మోసమో బలవంతమో జరిగిందని కోర్టులో నువ్వే నిరూపించుకోవాలి. ఇంకో మాట. మీ నాన్న వాటాలో మీ ఇద్దరితో సమానంగా మీ అమ్మకీ వస్తుంది. నువ్వు రాసిన దాంట్లో ఆవిడ వాటా ఊసే లేదు.

మానేరు ఒడ్డు:
పొలంగట్టు అన్నా, మీ కష్టం కాదనను. కానీ ఒక్క మాట అడుగుతా. మీ నాన్నకి సేవ చేసిన వదిన తన పుట్టింట్లో వాటా తీసుకుందా, సంతకం పెట్టి వచ్చిందా?

అమ్మానాన్నలను చూసుకోవడం కొడుకు పనే అనుకుంటాం. పెళ్లయిన కూతురికీ ఆ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. బాధ్యత ఇద్దరిదీ అయినప్పుడు భూమి ఒక్కరిదే ఎట్లా అయితది?

మా అమ్మకి మేం ముగ్గురం ఆడపిల్లలం. నేను మూడోదాన్ని. నేను పుట్టినప్పుడు మా నానమ్మ మూడు రోజులు ఆసుపత్రికి రాలేదట. కోపం నా మీద కాదు, ఇంకో కట్నం ఎట్లా అని భయం. ఆడపిల్ల అంటే ఇచ్చి పంపేదే, ఇంట్లో ఏమీ ఉండనిది అన్న లెక్క కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది. దేశంలో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకి ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే, 2001 నాటికి 927కి పడిపోయారు. లింగ నిర్ధారణను నిషేధించే చట్టం వచ్చింది 1994లో. 2011లో ఆ సంఖ్య ఇంకా తగ్గింది. స్కానింగ్ గదికీ ఈ దస్తావేజుకీ సంబంధం లేదని నేను అనుకోలేను.

పెద్దమ్మ:
నా పెళ్లి 1983లో. పసుపు కుంకుమ కింద అరెకరం ఇస్తామన్నారు, నోటిమాటే. నాన్న పోయాక తమ్ముళ్లు కాగితం తెస్తే పుట్టిల్లు ఉంటే చాలనుకుని సంతకం పెట్టాను. అమ్మ ఉన్నన్నాళ్లూ వెళ్లి వచ్చాను. ఆవిడ పోయాక మేనల్లుడి పెళ్లి శుభలేఖ పోస్టులో వచ్చింది. అంతే చెప్పగలను తల్లీ.

పొలంగట్టు:
మానేరు అమ్మాయి అడిగింది రాత్రి మా ఆవిడని అడిగాను. 2011లో సంతకం పెట్టిందట. ఏం రాసి ఉందో ఎవరూ చదివి వినిపించలేదట. పక్కనే నేనూ ఉన్నాను, సాక్షి సంతకం నాదే. ఇప్పటికీ రెండున్నర ఎకరాలు ఎలా పంచాలో నాకు తెలియదు. చేలో ముక్క వద్దంటే ఖరీదు కట్టి ఏటా కొంత ఇవ్వొచ్చేమో. చెల్లెళ్లని అడుగుతాను. అడగడం ఇదే మొదటిసారి.

తెనాలి ఆడపడుచు:
అందరికీ కృతజ్ఞతలు. లేఖరి గారూ, అమ్మ వాటా సంగతి నాకు నిజంగా తట్టలేదు. నాకు అన్యాయం జరిగిందనే రాశాను కానీ, ఆ కాగితంలో అమ్మ పేరు ఎక్కడా లేదని ఇప్పుడే గుర్తొచ్చింది. ఆదివారం ఊరు వెళ్తున్నాను. ముందు అమ్మ పేరు ఎక్కించమని అన్నయ్యతో చెబుతాను. నా వాటా సంగతి ఆ తర్వాత మాట్లాడతాను, వదులుకోను. పొలంగట్టు అన్నయ్యా, మీ చెల్లెళ్లు ఏమన్నారో ఇక్కడ రాయండి.