కాలనీలో లైంగిక దాడులపై అవగాహన సభ పెడుతున్నాం, కొవ్వొత్తుల ర్యాలీ కాకుండా ఏం చేస్తే బాగుంటుంది?

హన్మకొండ టీచర్

నవంబర్ 25 మహిళలపై హింసకు వ్యతిరేకంగా జరుపుకునే రోజు కదా, ఆ వారంలో మా కాలనీ అసోసియేషన్ తరఫున ఏదైనా చేద్దామనుకున్నాం. మీటింగ్‌లో వచ్చిన ఐడియాలు ఇవీ: కొవ్వొత్తుల ర్యాలీ, ఆడపిల్లలకు కరాటే, పెప్పర్ స్ప్రేలు పంచడం, ఎస్సై గారిని పిలిచి శాలువా కప్పడం. ఒక పెద్దాయనైతే "చీకటి పడ్డాక అమ్మాయిలు బయట తిరగొద్దని కూడా ఓ మాట చెప్పించండి" అన్నారు. ఒళ్ళు మండింది గానీ అందరి ముందు ఎందుకులే అని ఊరుకున్నా.

నా టెన్షన్ వేరే. నాకు తెలిసిన ఒకమ్మాయి (వివరాలు అడగకండి) తనకు జరిగింది ఇంట్లో చెబితే వాళ్ళమ్మ మొదట అన్న మాట "ఇంకెవరికైనా చెప్పావా?" అని. చేసినవాడు సొంత బంధువు, ఇంటికి వచ్చి కాఫీ తాగి వెళ్ళే మనిషి. ఇలాంటి చోట కరాటే ఏం పనికొస్తుంది? మాకున్నది రెండు గంటలు. వచ్చేవాళ్ళు ఎక్కువగా అమ్మలు, అత్తలు, కొందరు మగవాళ్ళు, ఇంటర్, డిగ్రీ పిల్లలు. వీళ్ళకు ఏం చెప్పాలి?

క్యాజువాలిటీ సిస్టర్

టీచర్ గారూ, మీరు సరైన చోటే పట్టుకున్నారు. జాతీయ నేర రికార్డుల లెక్కల్లో ఏటా కనిపించేదే ఇది, అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. కాబట్టి సభ అమ్మాయిల కోసం కాదు, అమ్మాయి మొదట ఎవరికి చెబుతుందో వాళ్ళ కోసం పెట్టండి. అమ్మ, అక్క, హాస్టల్ వార్డెన్, రూమ్మేట్.

నేను సర్కారు దవాఖానలో చేస్తున్నా. మా దగ్గరికి వచ్చేసరికి చాలామందికి ఇంట్లోవాళ్ళు తలంటి స్నానం చేయించి, బట్టలు ఉతికేసి ఉంటారు. పాపం, ప్రేమతోనే చేస్తారు. సభలో ఇది తప్పకుండా చెప్పండి: వీలైతే స్నానం చేయకముందే రావాలి, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం కవర్లో పెట్టి తేవాలి, ప్లాస్టిక్ కవర్లో పెడితే తేమకు ఆధారాలు పాడవుతాయి. స్నానం చేసేసినా, రోజులు గడిచినా రావొచ్చు, "ఇక లాభం లేదు" అని ఇంట్లో కూర్చోవద్దు. గర్భం రాకుండా వేసుకునే మాత్ర, హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా వస్తే అంత మంచిది. హెచ్ఐవీ మందులు 28 రోజులు వాడాలి.

ఇంకోటి, "ముందు ఎఫ్ఐఆర్ తెండి, తర్వాత చూస్తాం" అని ఏ ఆస్పత్రీ అనకూడదు, ప్రైవేటైనా సరే ఉచితంగా చికిత్స చేయాల్సిందే. మేము పోలీసులకు కబురు చేస్తాం, అది రూలు. కానీ పద్దెనిమిదేళ్ళు నిండిన స్త్రీ "నాకు కేసు వద్దు" అంటే ఆ మాట రాసుకుంటాం, వైద్యం ఆగదు. ఆమె ఒప్పుకోకుండా పరీక్ష చేయం. వేళ్ళతో చేసే ఆ పాత పరీక్ష గురించి చాలామంది భయపడతారు, అది చేయడం తప్పుడు ప్రవర్తన కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2022లో స్పష్టంగా చెప్పింది.

జిల్లా కోర్టు లాయర్

సిస్టర్ గారు చెప్పినదానికి కొంచెం కలుపుతా. ఏ పోలీస్ స్టేషన్‌కైనా వెళ్ళొచ్చు, "మా పరిధి కాదు" అంటే కుదరదు, జీరో ఎఫ్ఐఆర్ రాసుకుని వాళ్ళే పంపాలి. బాధితురాలి స్టేట్‌మెంట్ ఆమె ఇంట్లోనో, ఆమె చెప్పిన చోటో మహిళా అధికారి రాసుకోవాలి. ఆలస్యమైందని ఫిర్యాదు చచ్చిపోదు. "మరి అరవలేదేం, కొట్టలేదేం" అనే ప్రశ్న కోర్టులో కాదు ముందు మన ఇళ్ళలో వస్తుంది, ఎదిరించలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనడానికి లేదని చట్టంలోనే ఉంది. మనసు మొద్దుబారిపోయి కదల్లేకపోవడం చాలామందికి జరుగుతుంది.

ఇక పేరు సంగతి. బాధితురాలి పేరు, ఫొటో, ఊరు, ఆమెను గుర్తుపట్టే ఏ వివరమైనా బయటపెడితే రెండేళ్ళ దాకా జైలు, భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. 2019 నవంబర్‌లో శంషాబాద్ ఘటన అప్పుడు చూశాం కదా, దిశ అని పేరు మార్చేలోపే అసలు పేరు, ఫొటో సగం రాష్ట్రం స్టేటస్‌లలో తిరిగింది. పెట్టినవాళ్ళంతా ఆమెకు న్యాయం కావాలని కోరుకునేవాళ్ళే, అదీ విచిత్రం. మీ కాలనీ వాట్సాప్ గ్రూపు అడ్మిన్‌ని ముందు వరసలో కూర్చోబెట్టండి.

మన దగ్గర ఈ విషయం మీద పోరాటం కొత్తదేం కాదు. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒకామె మీద అత్యాచారం, ఆమె భర్త పోలీసు దెబ్బలకు చనిపోవడం, హైదరాబాద్ భగ్గుమనడం అంతా జరిగింది. విచారణ కమిషన్ పోలీసులదే తప్పంది, కేసు రాయచూరుకు మార్చారు, అక్కడ నిందితులు విడుదలయ్యారు. దారి పొడుగునా ఆమె నడవడిక మీదే ప్రశ్నలు. అలా అడిగే వీలిచ్చే క్లాజును సాక్ష్య చట్టం నుంచి తీసేసరికి 2003 వచ్చింది. కోర్టులో తీసేశారు, అరుగు మీద ఇంకా ఉంది.

ఒక్క మాట అడుగుతా

అంతా బాగుంది, మరి తప్పుడు కేసుల సంగతో? మగవాళ్ళను కూర్చోబెట్టి నేరస్థుల్లా చూస్తే ఎవరొస్తారు సభకి?

జిల్లా కోర్టు లాయర్

తమ్ముడూ, తప్పుడు కేసు పెడితే తేల్చడానికి దర్యాప్తు ఉంది, కోర్టు ఉంది. ఇక్కడ మాట్లాడుతున్నది ఇంట్లో ఒక మనిషి ఏడుస్తూ చెబుతున్నప్పుడు వినడం గురించి, తీర్పు చెప్పమని కాదు. నువ్వూ సభకి రా, నీ స్నేహితుల్లో ఎవడైనా "మత్తులో ఉంది, ఏం కాదు" అని వాగితే ఆపాల్సింది నువ్వే.

పేరు వద్దు

నాది పాత విషయం, వివరాలు రాయను. నాకు పనికొచ్చింది మా పెద్దమ్మ. ఆమె పెద్దగా చదువుకోలేదు. నేను చెప్పినంతా విన్నది, మధ్యలో ఒక్క ప్రశ్న వేయలేదు, "నీ తప్పేం లేదు బిడ్డా" అన్నది, "ఇప్పుడు నీకేం కావాలి?" అని అడిగింది. నాకు ఆ రోజు కావాల్సింది ఆ మనిషి వచ్చే పెళ్ళికి వెళ్ళకుండా ఉండటం. అంతే. కడుపునొప్పి అని అందరికీ చెప్పి నాతోపాటు ఇంట్లో ఉండిపోయింది. నేను కేసు పెట్టలేదు, పెట్టమని ఆమె బలవంతం చేయలేదు, వద్దని కూడా అనలేదు. చాలామంది ఆవేశంగా "వాణ్ణి నరికేస్తా" అంటారు, అప్పుడు మేమే వాళ్ళను ఊరుకోబెట్టాల్సి వస్తుంది, దయచేసి సభలో మగవాళ్ళకి ఇది చెప్పండి. నెల తర్వాత కూడా ఫోన్ చేయమని చెప్పండి, మొదటి వారం అందరూ ఉంటారు.

హన్మకొండ టీచర్

మీ మాట సభలో చదవొచ్చా? పేరు, ఊరు ఏమీ రాకుండా. కరాటే తీసేశాం, ఒక గంట చిన్న నాటకం లాగా వేయిద్దామని మా పిల్లలు అంటున్నారు, కూతురు వచ్చి చెబితే అమ్మ ఏమనాలి, ఏమనకూడదు అని. మాట్లాడటానికి పోలీసులను పిలవాలా, సఖి వాళ్ళనా?

పేరు వద్దు

చదవండి. పెళ్ళి సంగతి మాత్రం తీసేయండి.

క్యాజువాలిటీ సిస్టర్

సఖి వాళ్ళను పిలవండి టీచర్ గారూ, కౌన్సెలింగ్, వైద్యం, లాయరు, ఉండటానికి తాత్కాలిక చోటు అన్నీ ఒకే దగ్గర చూసేది వాళ్ళే. పోలీసుల తరఫున అయితే భరోసా సెంటర్ నుంచి రమ్మనండి. నంబర్లు పెద్ద అక్షరాలతో గోడకు అంటించండి: మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరం 112, పిల్లలకు 1098, ఉచిత న్యాయ సహాయం 15100. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల విషయం మాత్రం వేరు, తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, పోక్సో చట్టం ప్రకారం దాచడం కూడా నేరమే. మీరు టీచరు కాబట్టి ఇది మీకు ముందే తెలిసి ఉంటుంది, మిగతా స్టాఫ్‌కి తెలుసో లేదో ఒకసారి అడగండి.