చెన్నైలో పోయిన పెద్దలకు నెల్లూరు జిల్లా పేజీలో ప్రకటన ఇంకా కావాలా?

పెరంబూరు_వాసి:
ఇంటి పెద్ద చెన్నైలో పోయారు, సొంతూరు నెల్లూరు జిల్లా. పెద్దకర్మ కబురు వాట్సాప్‌లో పెడితే చాలదా, తెలుగు పేపరు జిల్లా పేజీలో వెయ్యాలా? అక్కర్లేదన్నది నా మాట. గ్రూపులో గంటలో అందరికీ చేరుతుంది. పైగా ఇంటి అడ్రసు, కర్మ వేళ అచ్చేస్తే ఆ పూట ఇంట్లో ఎవరూ ఉండరని ఊరందరికీ చెప్పినట్టే.

పెన్నా_గట్టు:
వెయ్యాలండీ. మీ గ్రూపులో ఉండేది మీకు తెలిసినవాళ్లు. పోయినాయన ఎరిగినవాళ్లు వేరు: పాత ఆఫీసు వాళ్లు, పొలం కౌలుకు చేసినవాళ్లు, వియ్యాలవారి వైపు పెద్దలు. వాళ్ల నంబర్లు పిల్లల ఫోన్లలో ఉండవు. ఈనాడు 1989లో జిల్లా అనుబంధాలు తెచ్చాక చిన్న కుటుంబం చిన్న ప్రకటనకు చోటు దొరికింది, దాన్ని వదులుకోవడం ఎందుకు?

అడ్రసు భయం నిజమే. ఇంటి నంబరు వద్దు, మండపం పేరు, ఊరు, ఒక్క ఫోన్ నంబరు చాలు. పుట్టిన తేదీ బదులు వయసు వెయ్యండి. పూర్తి పేరు, పుట్టిన తేదీ ఒకేచోట దొరికితే మోసగాళ్లకు పని సులువవుతుంది.

విల్లివాక్కం_డీటీపీ:
వేసేవాళ్లు ముందు రిలీజ్ ఆర్డర్ (ప్రకటన వెయ్యమని పేపరుకిచ్చే కాగితం) మీద ఎడిషన్ పేరు కళ్లారా చదవండి. బుకింగ్ చెన్నైలో అయిందని చెన్నై పేజీలో పడితే ఊళ్లో ఒక్కరికీ కనపడదు, డబ్బు వృథా.

రెండు కాలమ్‌లు, ఎనిమిది సెంటీమీటర్ల ఎత్తు అంటే 16 కాలమ్ సెంటీమీటర్లు. కొన్నిచోట్ల చదరపు సెంటీమీటర్లలో చెబుతారు, ఆ రెండు రేట్లనూ నేరుగా పోల్చకండి. పైన 5 శాతం జీఎస్టీ. మరణ ధ్రువపత్రమో శ్మశానం రసీదో, ఇచ్చేవారి గుర్తింపు కార్డు నకలో అడుగుతారు, దగ్గర పెట్టుకోండి.

అసలు చిక్కు అక్షరాలతో. ఫోన్లో కొట్టిన యూనికోడ్ అక్షరాలను డీటీపీలో వాడే పాత పద్ధతి 'అను' తెలుగు ఫాంట్లలోకి మారిస్తే వత్తులు జారిపోతాయి. పేరు లక్ష్మమ్మ అయితే క్ష కింద మ వత్తు నిలిచిందో లేదో ప్రూఫ్‌లో, అంటే అచ్చుకు ముందు చూపే నమూనాలో, చూడండి. చివరిసారి అచ్చయ్యే పేరు, అది తప్పు పడకూడదు. ప్రూఫ్ చూడకుండా ఫోన్లో 'సరే' అనొద్దు.

ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, మామూలుగా పంపితే కుదించేస్తుంది. న్యూస్‌ప్రింట్ ఇంకు పీల్చుకుని ముఖం ఒక ఛాయ నల్లబడుతుంది, కాబట్టి ముందే కాస్త వెలుగు పెంచమనండి.

కొరుక్కుపేట:
వీధివాళ్లకు మాత్రం గోడ మీద తమిళ 'కన్నీర్ అంజలి' పోస్టరే. వాళ్ల కోసం తెలుగు పేపరు దండగ.

పెరంబూరు_వాసి:
అడ్రసు సంగతి ఒప్పుకున్నా. వాట్సాప్ ముందు, పేపరు తర్వాత అంటాను. తేదీ ఎప్పుడు ఖాయం చేసుకోవాలి?

పెన్నా_గట్టు:
ఆ వరస సరైనదే. తేదీ మాత్రం పురోహితుణ్ని అడిగాకే పేపరుకివ్వండి. పోయిన రోజే మొదటి రోజు కింద లెక్కించే ఇళ్లలో 5న పోతే పదో రోజు 14, 15 కాదు. పది కలిపి వెయ్యడం తరచూ జరిగే పొరపాటు, బంధువులు కర్మ అయిపోయాక దిగుతారు. దహనం నుంచి లెక్కించేవాళ్లూ ఉన్నారు, పదకొండు, పన్నెండు రోజుల ఆచారాలూ ఉన్నాయి. తేదీతో పాటు వారం కూడా వేయించండి, ఒకటి తప్పితే రెండోది పట్టిస్తుంది.

సంవత్సరీకం ప్రకటనకు ఇంకో మెలిక. తమిళులు నెలను సౌరమానంలో చూస్తారు, మనం చాంద్రమానంలో. తమిళ పంచాంగం చూసి తేదీ చెబితే నెల తేడా రావచ్చు. బుక్ చేసే ముందు మాసం, పక్షం, తిథి కాగితం మీద రాయించుకుని తెలుగు పంచాంగంతో సరిచూసుకోండి.