గిట్ సోర్స్‌కి నా మొదటి ప్యాచ్: పనిలో పనిగా చేసిన శుభ్రతని ఎలా విడదీయాలి?

మద్దిలపాలెం_రూమ్7

అందరికీ నమస్తే. ఫైనల్ ఇయర్ సీఎస్‌ఈ, మద్దిలపాలెంలో రూమ్ తీసుకుని ఉంటున్నాను. వచ్చే ఏడాది గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి (కొత్తవాళ్లు ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో పనిచేసే ప్రోగ్రామ్) గిట్ ప్రాజెక్టులో అప్లై చేద్దామని ఉంది, అదే కోడ్ మార్పుల చరిత్రని దాచే టూల్. దానికి ముందు ఒక మైక్రోప్రాజెక్ట్ చేయమంటారు, అంటే గిట్ కోడ్‌కే ఒక చిన్న ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపాలి.

సోర్స్‌లో టెస్టులన్నీ టీ అనే ఫోల్డర్‌లో షెల్ స్క్రిప్టులుగా ఉంటాయి కదా. అందులో ఒక పాత ఫైల్ పట్టుకున్నాను. ఫైల్ ఉందో లేదో చూడటానికి 11 చోట్ల ‘టెస్ట్ -ఎఫ్’ అని రాసి ఉంది, దాని బదులు ‘టెస్ట్_పాత్_ఈజ్_ఫైల్’ అనే వాళ్ల సొంత ఫంక్షన్ పెడదామని మొదలుపెట్టాను. పెడుతుంటే ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేసులు కనపడ్డాయి, సరిచేశాను. మూడు చోట్ల గిట్ అవుట్‌పుట్‌ని పైప్‌లో నేరుగా గ్రెప్‌కి (లైన్లు వెతికే కమాండ్) పంపుతున్నారు, అలా చేయొద్దని టెస్టుల రీడ్‌మీలోనే ఉంది, అదీ మార్చాను. ‘టచ్’ కమాండ్‌తో ఖాళీ ఫైళ్లు చేస్తున్న చోట్లా మార్చేశాను. రెండు రాత్రులు కూర్చుంటే డిఫ్ (పాత ఫైల్‌కీ కొత్త ఫైల్‌కీ తేడాలు) 240 లైన్లు దాటింది, టెస్టులన్నీ పాస్ అవుతున్నాయి.

పక్క రూమ్ ఫ్రెండ్‌కి చూపిస్తే నాలుగో లైన్ దగ్గరే ఆగిపోయి ఇందులో అసలు నువ్వు మార్చింది ఏది అన్నాడు. అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది. అన్నీ ఒకే ఫైల్‌లోవే, అన్నీ మంచి మార్పులే, ఒకే ప్యాచ్‌గా పంపితే తప్పేంటి? విడదీయక తప్పదంటే మళ్లీ మొదటి నుంచి చేయాలా?

సీతమ్మధార_షెల్

తమ్ముడూ, మొదటి నుంచి చేయక్కర్లేదు, నీ పనేమీ వృథా కాదు. కానీ విడదీయడం మాత్రం తప్పదు. నీ ఫ్రెండ్ అడిగిందే అక్కడ రివ్యూ చేసేవాళ్లూ అడుగుతారు. 11 చోట్ల ఒకే రకం మార్పు ఉంటే రెండు చూసి, మిగతా తొమ్మిది మీద చూపు పరిగెత్తిస్తే చాలు. అదే నాలుగు రకాలు కలిసి ఉంటే ప్రతి లైన్ దగ్గరా ఆగి ఇది స్పేసా, పైపా, ఫంక్షనా అని ఆలోచించాలి.

ఇలాంటప్పుడు అందరూ ‘గిట్ యాడ్ -పి’ వాడమంటారు, కానీ నీ విషయంలో మొదటి అడుగులోనే అది పనికిరాదు, ఎందుకంటే ఒకే లైన్‌లో ట్యాబూ మారింది, ఫంక్షనూ మారింది. అది లైన్ల గుంపుల్ని విడదీస్తుంది గానీ లైన్ లోపలికి వెళ్లదు. అందుకని ఇలా చెయ్యి. ఇప్పుడున్న ఫైల్‌ని రిపో (గిట్ కోడ్ ఉన్న ఫోల్డర్) బయట ఎక్కడైనా కాపీ చేసి పెట్టుకో. రిపోలో ఫైల్‌ని పాత రూపానికి తెచ్చి, స్పేసులు ట్యాబ్‌లు మాత్రమే సరిచెయ్యి, ఇంకేదీ ముట్టుకోవద్దు. ‘గిట్ డిఫ్ -డబ్ల్యూ’ (స్పేసులు, ట్యాబ్‌ల తేడాలు వదిలేసి చూపిస్తుంది) కొట్టు, అది ఖాళీగా రావాలి, ఒక్క లైన్ వచ్చినా నీ చెయ్యి ఎక్కడో జారినట్టే. ఖాళీగా వస్తే కమిట్ చేసెయ్, అంటే ఆ మార్పుని గిట్‌లో ఒక మెట్టుగా నమోదు చెయ్యి. ఇప్పుడు దాచుకున్న కాపీ తెచ్చి దాని మీద పెట్టు. మిగిలిన డిఫ్‌లో అసలు మార్పులే ఉంటాయి, 240 కాస్తా బాగా తగ్గుతుంది. అప్పుడు ‘యాడ్ -పి’ తీసి, ఎస్ నొక్కి ముక్కలు చేసుకుంటూ, ఫంక్షన్ మార్పులు ఒక కమిట్, పైపులు ఒక కమిట్.

అయ్యాక ‘గిట్ రీబేస్ -ఐ’కి -ఎక్స్ ఇచ్చి, నీ ఒక్క టెస్ట్ స్క్రిప్ట్‌ని ప్రతి కమిట్ దగ్గరా నడిపించు. చివర్లో పాస్ అయితే చాలదు, మధ్యలో ప్రతి మెట్టూ పాస్ అవ్వాలి.

ఉక్కునగరం_నైట్‌షిఫ్ట్

పైవారు ఎలా చేయాలో చెప్పారు, ఎందుకో నేను చెప్తాను, నాకు బాగా తగిలిన దెబ్బ కాబట్టి.

నేను ఇదివరకు పనిచేసిన చోట బిల్లు మొత్తంలో పైసలు తేడా వస్తోందని ఒక క్లయింట్ ఫోన్ చేశాడు. మంచి వెర్షన్‌కీ పాడైన వెర్షన్‌కీ మధ్య 640 కమిట్లు. తప్పు తెచ్చిన కమిట్‌ని వెతికే ‘గిట్ బైసెక్ట్’ ప్రతిసారీ సగానికి తెంచుకుంటూ పోతుంది కాబట్టి పది ప్రయత్నాల్లోపే, గంటలోనే, ఇదిగో ఈ కమిట్ అని వేలు పెట్టి చూపించింది. ఆ కమిట్ పేరు ‘చిన్న సవరణలు, శుభ్రత’. తెరిచి చూస్తే 31 ఫైళ్లు. వేరియబుల్ పేర్లు మార్చడం, ఖాళీ లైన్లు తీసేయడం, మధ్యలో ఎక్కడో రౌండింగ్ చేసే ఒక్క లైన్. బైసెక్ట్ గంటలో ముగించిన పని, ఆ 31 ఫైళ్లలో ఆ లైన్ వెతకడానికి నాకు మర్నాడు మధ్యాహ్నం దాకా పట్టింది. సరే రివర్ట్ చేసి ఆ కమిట్‌ని వెనక్కి తీద్దామంటే అంతా ఒకటే ముద్ద, దాని మీద అప్పటికే వేరేవాళ్ల పని పేరుకుపోయింది. ఆ కమిట్ రాసింది నేనే. పనిలో పనిగా అని ఆ రోజు మహా సంతోషంగా చేశాను.

ఇంకో మాట. నీ మార్పుల్లో పైప్‌వి శుభ్రత కింద రావు బాబూ, అవి నిజమైన తప్పుల సవరణ. ‘గిట్ లాగ్’ని పైప్‌లో గ్రెప్‌కి ఇస్తే షెల్‌కి వచ్చేది గ్రెప్ ఫలితమే. కావలసిన లైన్ ప్రింట్ చేశాక గిట్ క్రాష్ అయినా గ్రెప్‌కి లైన్ దొరికింది కాబట్టి టెస్ట్ పాస్. అంటే ఆ టెస్ట్ ఇన్నాళ్లూ సగమే చూస్తోంది. అవుట్‌పుట్‌ని ముందు ఒక ఫైల్‌లోకి పంపి, తర్వాత ఆ ఫైల్ మీద గ్రెప్ నడిపితే రెండూ విడివిడిగా తేలతాయి. కమిట్ మెసేజ్‌లో ఆ కారణం రాయి, ‘శుభ్రం చేశాను’ అని రాయకు.

ఎంవీపీ_సెక్టార్4

ఇద్దరూ చెప్పింది సరైనదే, కానీ నేనైతే ఇంకా తగ్గించమంటాను. మైక్రోప్రాజెక్ట్ అంటే ఒక్కటి, అదీ చక్కగా చేయమనే వాళ్ల ఉద్దేశం. గిట్ వాళ్ల కోడింగ్ గైడ్‌లైన్స్ ఒకసారి చదువు. అసలు పనికి దారి వేసుకోవడానికి ముందుగా స్టైల్ సరిచేస్తే మంచిదే, అంతేగానీ స్టైల్ కోసమే కోడ్‌ని కదపొద్దు అని అందులో స్పష్టంగా ఉంది. ఆ లెక్కన నీ ట్యాబ్‌ల ప్యాచ్ ఉండొచ్చు, ఆ తర్వాతి ప్యాచ్ అవే లైన్లని ముట్టుకుంటోంది కాబట్టి. ‘టచ్’ మార్పులు మాత్రం వదిలెయ్, వాటికి ఈ పనితో సంబంధం లేదు.

కోడ్‌ని కదపొద్దు అనడానికి కారణం మొండితనం కాదు. 2005 ఏప్రిల్‌లో మొదలైన ప్రాజెక్ట్ అది, ఎందరో ఒకేసారి పనిచేస్తుంటారు. నువ్వు శుభ్రం చేస్తున్న ఫైల్‌లోనే ఇంకొకరి అసలు పని నడుస్తుంటే, నీ ట్యాబ్‌ల వల్ల వాళ్లకి కాన్‌ఫ్లిక్ట్ (ఒకే లైన్ల మీద రెండు మార్పుల గొడవ) వస్తుంది. పంపే ముందు ‘నెక్స్ట్’, ‘సీన్’ బ్రాంచీల్లో (ఇంకా అసలు కోడ్‌లో కలవని మార్పులు ఉండే చోట్లు) ఆ ఫైల్‌ని ఎవరైనా మార్చారేమో చూడు. మార్చి ఉంటే వేరే ఫైల్ ఎంచుకో, పాత టెస్టులకి కొదవ లేదు.

ఇంకోటి చూసుకో. ‘! టెస్ట్ -ఎఫ్’ అని ఉన్న చోట కొత్త ఫంక్షన్ ముందు ఆ గుర్తు పెట్టి వదలకు. ఆ ఫంక్షన్ వచ్చిందే ఫైల్ లేకపోతే లేదని పైకి చెప్పడానికి. లేకపోవడమే కావాల్సిన చోట ‘టెస్ట్_పాత్_ఈజ్_మిస్సింగ్’ అని విడిగా ఉంది, అది పెట్టు.

మద్దిలపాలెం_రూమ్7

ముగ్గురికీ చాలా థాంక్స్. సీతమ్మధార అన్న చెప్పినట్టు కూర్చున్నాను. ట్యాబ్‌లు సరిచేశాక, కమిట్‌కి ముందు ‘డిఫ్ -డబ్ల్యూ’ ఖాళీగా రాలేదు, ఒక లైన్ వచ్చింది. చూస్తే తెలియకుండానే ఒక కొటేషన్ గుర్తు చెరిపేశాను. ఆ 240 లైన్లలో అది నాకు ఎప్పటికీ కనపడేది కాదు. ‘! టెస్ట్ -ఎఫ్’ కూడా రెండు చోట్ల ఉంది, ఆ రెండూ నేను తప్పుగానే మార్చాను. ‘టచ్’వి తీసేశాను. ‘సీన్’లో ఆ ఫైల్ జోలికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు మూడు ప్యాచ్‌లు: ట్యాబ్‌లు, ఫంక్షన్, పైపులు. వాళ్ల మెయిలింగ్ లిస్ట్‌కి మెయిల్‌లో పంపాలట, అది మాత్రం తెలియట్లేదు. జీమెయిల్‌లో పేస్ట్ చేసి పంపొచ్చా?

సీతమ్మధార_షెల్

వద్దు వద్దు, బ్రౌజర్‌లో పేస్ట్ చేస్తే నువ్వు ఇంత కష్టపడి పెట్టిన ట్యాబ్‌లే ముందు పోతాయి, పైగా హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ని ఆ లిస్ట్ సర్వర్ తీసుకోదు. ‘గిట్ సెండ్-ఈమెయిల్’ సెట్ చేసుకో, జీమెయిల్ అయితే యాప్ పాస్‌వర్డ్ కావాలి. లేదా గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ పెట్టి గిట్‌గిట్‌గాడ్జెట్ (పుల్ రిక్వెస్ట్‌ని మెయిల్ ప్యాచ్‌లుగా పంపే టూల్) ద్వారా పంపు. కమిట్లకి -ఎస్ ఇచ్చి సైన్డ్-ఆఫ్-బై లైన్ (ఈ కోడ్ పంపే హక్కు నాకుందని నీ పేరుతో చెప్పేది) పెట్టడం మర్చిపోకు, అది లేకపోతే తీసుకోరు. ఎవరైనా మార్పులు చెప్తే పైన కొత్త కమిట్ వేయకుండా ఆ ప్యాచ్‌లోనే సరిదిద్ది, రెండో వెర్షన్‌గా రేంజ్-డిఫ్‌తో (రెండు వెర్షన్ల మధ్య తేడా చూపేది) పంపు.

ఆదివారం పొద్దున్న నేను ద్వారకానగర్ పౌర గ్రంథాలయం వైపు వస్తాను. లాప్‌టాప్ పట్టుకుని వచ్చెయ్, ముందు నీ మెయిల్‌కే టెస్ట్ ప్యాచ్ పంపుకుని చూద్దాం.